పాత ఇండ్లలో ప్లగ్గు పాయింట్ల వైరింగు మార్చుకొను విధానము

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలియు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థయు ఏర్పడిన పిదప మన పల్లెలకు కరెంటు త్వరితముగా వచ్చినది. ఆ రోజులలో ఇంటికి కావలసినది నాలుగు దీపములు, ఒక పంకా, ఒక రేడియో మాత్రమే. వైర్‌మన్ అందుకు తగినట్లే టేకు పట్టీల మీద సన్నని తీగ లాగి, నడవలో ఒక నల్లని ప్లగ్గు బిగించి వెళ్లెడివాడు. అటువంటి పెంకుటిండ్లు, మిద్దెలు నేటికిని ఎన్నో కలవు. నేడు ఆ తీగ మీదనే మిక్సీ, ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్, నీళ్లు కాచు రాడ్డు, టి.వి., సెల్‌ఫోను ఛార్జర్లు నడచుచున్నవి. ఇంటిలో సామాను పెరిగినది గాని గోడ మీది తీగ పెరుగలేదు.

పొలములో మోటారు తీగ కాలినచో రైతు వెంటనే కనిపెట్టును. ఇంటిలోని తీగ కనబడకుండ చెడును. తడిచేతితో ఫ్రిజ్ తలుపు పట్టుకొన్న ఇల్లాలికో, నీళ్ల బకెట్టులో చేయి పెట్టిన పిల్లవానికో ప్రాణము మీదికి వచ్చిన దాక ఎవరికిని తెలియదు. పాత ఇంటి ప్లగ్గుల వైరింగు ఎప్పుడు మార్చవలెను, ఏమేమి వేయించవలెను, వైర్‌మన్ చేసిన పని సరిగా ఉన్నదని ఎట్లు తెలిసికొనవలెను అను విషయములు ఈ వ్యాసములో వివరింపబడినవి.

ఒక మాట ముందే చెప్పవలసియున్నది. కాలిన బల్బు, ఫ్యూజు, స్విచ్చి మార్చుట వంటి చిన్న పనులు తప్ప, వైరింగు పని లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారా, అర్హతా పత్రము గల పనివారే చేయవలెనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో ప్రకటించిన భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. కావున ఈ వ్యాసము రైతును వైర్‌మన్‌గా మార్చుటకు కాదు. పనిని తెలిసి చేయించుకొను యజమానిగా చేయుటకు.

వైరింగు మార్చవలెనని తెలుపు గుర్తులు

ఈ క్రింది వానిలో ఏ ఒక్కటి కనబడినను ఉపేక్షింపరాదు.

1. ప్లగ్గు పెట్టిన కొంతసేపటికి సాకెట్టు ముట్టుకొనలేనంత వేడెక్కుట, దాని చుట్టు గోధుమరంగు మచ్చ ఏర్పడుట, కాలిన రబ్బరు వాసన వచ్చుట.

2. రబ్బరు పూతపై నూలు అల్లిక గల పాత తీగలు ఉండుట. ఆ రబ్బరు కాలక్రమమున ఎండి, వంచిన చోట పెళుసై రాలిపోవును. లోపలి తీగ బయటపడును.

3. అల్యూమినియము తీగలు ఉండుట. అదే లావు గల రాగి తీగ కంటె ఇవి తక్కువ కరెంటు మోయును. స్క్రూ క్రింద నలిగి, కొంతకాలమునకు వదులగును. వదులైన చోట నిప్పు రవ్వలు పుట్టును.

4. పెంకుల సందున వాన నీరు కారి పట్టీలు నానుట, చెద పట్టుట, అటకపై ఎలుకలు తీగ కొరుకుట.

5. ఇస్త్రీపెట్టె పెట్టగానే దీపములు మందగించుట.

6. ఫ్రిజ్, గ్రైండరు, నీళ్ల మోటారు ముట్టుకొన్నప్పుడు చేయి చురుక్కుమనుట. ఇది అన్నింటికంటె ప్రమాదకరమైన గుర్తు. "కొంచెము జిల్లుమనును, అంతే" అని సరిపెట్టుకొనుట తగదు. నేడు చెప్పులతో ఉన్నప్పుడు జిల్లుమన్నది రేపు తడి నేలపై వట్టికాళ్లతో ఉన్నప్పుడు ప్రాణము తీయవచ్చును.

7. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని పింగాణీ ఫ్యూజులో లావు రాగి తీగ చుట్టియుండుట. ఇట్లు చేసినచో ఫ్యూజు బదులు గోడలోని తీగయే కాలును.

తీగ వేడెక్కుటకు కారణము

మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు. ఒక వస్తువుపై వ్రాసియున్న వాట్లను 230చే భాగించినచో అది ఎన్ని ఆంపియర్లు తీసికొనునో తెలియును. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె సుమారు 4.3 ఆంపియర్లు, 750 వాట్ల మిక్సీ 3.3 ఆంపియర్లు, 1500 వాట్ల రాడ్డు 6.5 ఆంపియర్లు తీసికొనును. ఉదయము మూడును ఒకేసారి నడచినచో మొత్తము 14 ఆంపియర్లు దాటును. పాత ప్లగ్గు పాయింటు 5 ఆంపియర్లకు మాత్రమే ఏర్పాటైనది.

కరెంటు రెట్టింపైనచో తీగలో వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. మూడింతలైనచో తొమ్మిది రెట్లగును. ఒక సాకెట్టునకు గుత్తులుగా ప్లగ్గులు తగిలించుట ఎంత ప్రమాదమో దీనిని బట్టి గ్రహింపవచ్చును. పాత తీగ అట్లే ఉంచి సాకెట్టు మాత్రము పెద్దది మార్చుట వలన ఏమియు లాభము లేదు. ఇరుకు కాలువకు పెద్ద తూము పెట్టినంత మాత్రమున ఎక్కువ నీరు పారదు, గట్టు తెగును.

మూడవ రంధ్రము

సాకెట్టులో మూడు రంధ్రములుండును. మన ఎదుటనున్న సాకెట్టులో పైనున్న లావు రంధ్రము ఎర్తు, కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రలు. కరెంటు ఫేజు ద్వారా వచ్చి న్యూట్రలు ద్వారా తిరిగి పోవును. ఎర్తు తీగలో సామాన్యముగా కరెంటు ఉండదు. వస్తువు లోపల తీగ చెడి ఇనుప డొక్కుకు తగిలినప్పుడు, ఆ కరెంటు మనిషి గుండా పోకుండ భూమిలోనికి పోవుటకు అది దారి.

పాత ఇండ్లలో పెక్కింట ఈ మూడవ రంధ్రము వట్టిది. దాని వెనుక తీగయే ఉండదు. మూడు పిన్నుల ప్లగ్గు అందులో చక్కగా దూరును, వస్తువు పనిచేయును, ఇంటివారు ఎర్తు ఉన్నదని నమ్ముదురు. సాకెట్టు ఎదుట నిలిచి చూచినవారికి ఈ లోపము కనబడదు.

ఇంతకంటె చెడ్డ అలవాటు మరియొకటి కలదు. ఎర్తు తీగ లేని చోట కొందరు పనివారు సాకెట్టు లోపలనే న్యూట్రలు నుండి చిన్న ముక్క తీగ తీసి ఎర్తు రంధ్రమునకు కలిపెదరు. పైకి అంతయు బాగుగనే ఉండును. కాని స్తంభము మీదనో, మీటరు వద్దనో న్యూట్రలు తీగ తెగిన నాడు, స్విచ్చి వేసియున్న ప్రతి వస్తువు డొక్కుకును 230 వోల్టులు ఎక్కును. వస్తువు చెడకపోయినను మనిషి చచ్చును. ఇటువంటి కలయిక ఏ సాకెట్టులోను ఉండరాదని వైర్‌మన్‌కు ముందే ఖండితముగా చెప్పవలెను.

ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. భేదము

ఫ్యూజునకు బదులు ఇప్పుడు ఎం.సి.బి. అను స్విచ్చి వాడుచున్నారు. తీగపై భారము మించినను, ఫేజు న్యూట్రలు కలిసికొన్నను అది తనంతట పడిపోవును. కాని ఇది కాపాడునది తీగను, మనిషిని కాదు. మనిషి గుండా ఒక ఆంపియరులో పదవ వంతు పోయినను ప్రాణము పోవచ్చును. 6 ఆంపియర్ల ఎం.సి.బి.కి ఆ కొద్ది కరెంటు తెలియనే తెలియదు.

"మాకు ఎర్తు గుంట ఉన్నది కదా" అని అడుగవచ్చును. లెక్క చూడుడు. గుంట నిరోధము 20 ఓములు ఉన్నదనుకొందము. ఫ్రిజ్ డొక్కుకు ఫేజు తగిలినప్పుడు భూమిలోనికి పోవు కరెంటు 230ని 20చే భాగించగా 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దీనికి పడదు. ఫ్రిజ్ డొక్కుపై ప్రమాదకరమైన వోల్టేజి అట్లే నిలిచియుండును. కావున ఎర్తు గుంట ఒక్కటియే చాలదు.

ఇచ్చట ఆర్.సి.సి.బి. అను రెండవ కాపరి కావలెను. ఇది ఫేజులో పోయిన కరెంటును, న్యూట్రలులో తిరిగి వచ్చిన కరెంటును సరిచూచుచుండును. రెంటి నడుమ 30 మిల్లీ ఆంపియర్ల భేదము కనబడినచో, ఎక్కడనో భూమిలోనికి కారుచున్నదని గ్రహించి సెకనులో మూడవ వంతు లోపున సరఫరా తెంచును. ఇండ్లకు 30 మిల్లీ ఆంపియర్లదే తీసికొనవలెను; 100, 300 అని వ్రాసియున్నవి మనిషి రక్షణకు పనికిరావు.

అయితే దీనికిని హద్దు కలదు. ఒక చేత ఫేజు, మరియొక చేత న్యూట్రలు పట్టుకొన్నవానిని ఇది కాపాడలేదు. తీగపై భారము మించినను ఇది పడదు. కావున ఎర్తు, ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. మూడును ఉండవలెను. ఒకటి ఉన్నదని మరియొకటి మానరాదు.

ఎర్తు గుంట

ఇంటి పునాదికి కనీసము ఒకటిన్నర మీటరు దూరమున, సాధ్యమైనంత వరకు తేమ నిలుచు చోట గుంట త్రవ్వవలెను. రెండున్నర మీటర్ల పొడవు గల గాల్వనైజు చేసిన ఇనుప గొట్టమును నిలువుగా పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు వేయుట చిరకాలముగా ఉన్న పద్ధతి. పైన గరాటు అమర్చి, చిన్న తొట్టి కట్టి మూత పెట్టవలెను. తీగను గొట్టమునకు చుట్టి వదలరాదు, బోల్టుతో బిగింపవలెను.

నేల స్వభావమును బట్టి గుంట పనిచేయును. నల్లరేగడి తేమ పట్టియుండునపుడు నిరోధము తక్కువ. కాని వేసవిలో బీటలు వారి గొట్టమును వదలును. ఎర్ర చెల్క నేలలలోను, రాతి నేలలలోను నిరోధము ఎప్పుడును ఎక్కువ. అట్టి చోట్ల రెండు గుంటలు ఎడముగా త్రవ్వి కలుపుట మేలు. ఏ నేలయైనను వేసవిలో వారమునకొకసారి రెండు బిందెల నీరు పోయుట మరువరాదు.

బోరు కేసింగు పైపును, నీటి పంపు గొట్టమును ఎర్తుగా వాడరాదు. నేడు గొట్టములలో ప్లాస్టికు ముక్కలు కలియుచున్నందున దారి నడుమనే తెగిపోవును.

కొత్త వైరింగు ఏర్పాటు

ఉదాహరణకు నాలుగు గదులు, వంటయిల్లు, స్నానపుగది, పెరటిలో పశువుల కొట్టము గల మండువా ఇల్లు తీసికొందము. దీనికి ఒకే తీగ మీద అన్ని ప్లగ్గులు గాక, పంపిణీ పెట్టె నుండి వేరువేరు వరుసలు తీయవలెను. తీగ కొలతలన్నియు రాగి తీగకు చెప్పబడినవి.

మొదటి వరుస: దీపములు, పంకాలు. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. 6 ఆంపియర్ల ఎం.సి.బి. ఒక వరుసపై పది పాయింట్లు మించకుండుట మంచిది.

రెండవ వరుస: గదులలో టి.వి., ఛార్జర్లు మొదలగు వానికి 6 ఆంపియర్ల సాకెట్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. 10 ఆంపియర్ల ఎం.సి.బి.

మూడవ వరుస: వంటయింటిలో గ్రైండరు, ఇస్త్రీపెట్టె మొదలగు వానికి రెండు 16 ఆంపియర్ల సాకెట్లు. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ. 16 ఆంపియర్ల ఎం.సి.బి. రెండింటిపై భారము కలిసి 3000 వాట్లు మించరాదు.

నాలుగవ వరుస: నీళ్లు కాచు గీజరునకు ప్రత్యేకముగా ఒకటి. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ. 16 ఆంపియర్ల ఎం.సి.బి. బకెట్టులో రాడ్డు పెట్టు అలవాటు ఈ సందర్భమున మానుట శ్రేయస్కరము.

ఐదవ వరుస: పశువుల కొట్టము, చొప్ప కోయు యంత్రము. దీనికి ప్రత్యేకముగా ఒక ఆర్.సి.సి.బి. పెట్టించవలెను. పశువు నాలుగు కాళ్లతో తడి నేలపై నిలుచును గనుక, మనిషికి జిల్లుమన్నంత కరెంటు దానికి ప్రాణాపాయము కాగలదు. సాకెట్టు పశువునకు అందని ఎత్తున, మూత గల పెట్టెలో ఉండవలెను.

ప్రతి వరుసలోను ఫేజు, న్యూట్రలుతో పాటు అదే లావు గల ఎర్తు తీగ తప్పక పోవలెను. ఫేజునకు ఎరుపు, పసుపు, నీలము రంగులలో ఒకటి, న్యూట్రలునకు నలుపు, ఎర్తునకు ఆకుపచ్చ తీగ వాడవలెను. మిగిలిన ముక్కలు ఉన్నవని రంగులు తారుమారు చేయనీయరాదు. పదేండ్ల తరువాత మరమ్మతునకు వచ్చినవాడు రంగును నమ్మియే చేయి పెట్టును. తీగ, సాకెట్లు, స్విచ్చిలు, ఎం.సి.బి.లు అన్నింటిపై ఐ.ఎస్.ఐ. ముద్ర చూచి కొనవలెను.

వ్యవసాయ మోటారు స్టార్టరు నుండి ఇంటి ప్లగ్గులకు తీగ లాగుట ఎంతమాత్రము కూడదు. భారము పెరిగినందున మీటరు సామర్థ్యము చాలకున్నచో విద్యుత్ కార్యాలయములో అర్జీ పెట్టి మంజూరు భారము పెంచుకొనవలెను.

పని జరుగునప్పుడు గమనింపవలసినవి

1. మెయిన్ ఆపిన పిదప కూడ మీటరు వరకు వచ్చు తీగలలో కరెంటు ఉండును. మీటరు సీలు ఎవ్వరును తెంచరాదు. ఇన్వర్టరు ఉన్న ఇంట మెయిన్ ఆపినను కొన్ని వరుసలలో కరెంటు ఉండును. దానిని కూడ ఆపి, తీగలు విప్పిన పిదపనే పని మొదలుపెట్టవలెను.

2. మట్టి గోడలను, సున్నపు గోడలను అడ్డముగా లోతుగా చెక్కినచో గోడ బలహీనపడును. అట్టి ఇండ్లలో గోడపైననే ప్లాస్టికు గొట్టము బిగించి అందులో తీగలు లాగుట మేలు. ఎలుకల బెడదయు తగ్గును, మరమ్మతునకును సులభము.

3. గొట్టము నడుమ అతుకులు ఉండరాదు. అతుకు అవసరమైనచో పెట్టెలోనే, కనెక్టరుతోనే వేయవలెను. రాగి, అల్యూమినియము తీగలను మెలిపెట్టి కలుపరాదు. తేమ తగిలి ఆ అతుకు తుప్పుపట్టి కాలును.

4. స్విచ్చి ఎల్లప్పుడును ఫేజు తీగ మీదనే ఉండవలెను. న్యూట్రలు మీద ఉన్నచో, స్విచ్చి ఆపినను వస్తువులో కరెంటు నిలిచియుండును.

5. ఒక వరుస న్యూట్రలును వేరొక వరుసకు అరువు తెచ్చుట పాత ఇండ్లలో సామాన్యము. ఆర్.సి.సి.బి. పెట్టినప్పుడు ఈ కలగాపులగము వలన అది ఊరకే పడిపోవుచుండును. అప్పుడు కొందరు "ఈ పెట్టె మీ ఇంటికి పనికిరాదు" అని దానిని తప్పించి తీగ నేరుగా కలిపెదరు. అట్లు చేయనీయరాదు. న్యూట్రళ్లు వేరుచేసినను పడిపోవుచున్నచో, ఎక్కడనో నిజముగా కరెంటు కారుచున్నదని అర్థము. కుక్క మొరిగినదని కుక్కను తరుముట తగదు, దొంగను వెదకవలెను.

6. స్నానపుగదిలో నీళ్లు పోసికొను చోటికి చేయి అందునట్లు సాకెట్టు ఉండరాదు.

పని ముగిసిన పిదప పరీక్షలు

కూలి చెల్లించుటకు ముందు ఈ పరీక్షలు మీ యెదుట చేయింపుడు.

మొదటిది, మెగ్గరు పరీక్ష. 500 వోల్టుల మెగ్గరుతో తీగలకును భూమికిని నడుమ చూచినచో ఒక మెగోము కంటె తక్కువ రాకూడదు.

రెండవది, ప్రతి సాకెట్టులోను ఎర్తు రంధ్రము నుండి గుంట వరకు దారి ఉన్నదా అని మీటరుతో చూచుట. ఒకటి రెండు చూచి విడువరాదు.

మూడవది, ఎర్తు గుంట నిరోధమును ఎర్తు టెస్టరుతో కొలుచుట. అంకెను, తేదీని పంపిణీ పెట్టె మూత లోపల వ్రాసి ఉంచవలెను. మరుసటి వేసవిలో కొలిచి పోల్చవచ్చును.

నాలుగవది, ఆర్.సి.సి.బి.పై "టి" అను బొత్తాము నొక్కుట. వెంటనే పడవలెను. నెలకొకసారి ఇంటివారే దీనిని నొక్కి చూడవలెను. కాని ఈ బొత్తాము ఆర్.సి.సి.బి.ని మాత్రమే పరీక్షించును. ఎర్తు గుంట లేకున్నను అది పడును. కావున బొత్తాము పనిచేసినదని ఎర్తు బాగున్నదని అనుకొనరాదు.

టెస్టరు స్క్రూడ్రైవరు వెలిగినచో ఫేజు ఉన్నదని మాత్రమే తెలియును. దానిని బట్టి ఎర్తు, న్యూట్రలు సరిగా ఉన్నవని చెప్పుటకు వీలులేదు.

ఒకేసారి చేయించలేనివారు

పంట చేతికి రాకముందు అంత సొమ్ము ఒకేసారి వెచ్చించుట అందరికిని సాధ్యము కాదు. అట్టివారు ఈ వరుసన చేయించుకొనవచ్చును. మొదట ఎర్తు గుంట త్రవ్వించి, మెయిన్ వద్ద ఆర్.సి.సి.బి. పెట్టించి, లావు తీగ చుట్టిన ఫ్యూజులు తీసి సరియైన ఎం.సి.బి.లు వేయించవలెను. పిదప వంటయిల్లు, స్నానపుగది, కొట్టము వరుసలు కొత్త తీగతో వేయించవలెను. చివరకు గదుల వరుసలు మార్చవచ్చును. పని పూర్తియగు దాక పాత 5 ఆంపియర్ల ప్లగ్గులలో ఇస్త్రీపెట్టె, రాడ్డు పెట్టరాదు. ఎర్తు లేని సాకెట్టులో ఇనుప డొక్కు గల ఏ వస్తువును వాడరాదు.

ప్రమాదము జరిగినప్పుడు

షాకు తగిలినవానిని వట్టిచేతులతో పట్టుకొనరాదు. ముందు మెయిన్ ఆపవలెను. అది అందనిచో పొడి కర్రతో, పొడి పలకపై నిలిచి తీగను తప్పించవలెను. ఇది ఇంటి కరెంటునకు మాత్రమే. స్తంభము మీది తీగ తెగి పడినచో దగ్గరకు పోక, విద్యుత్ సంస్థకు 1912 నెంబరుకు ఫోను చేయవలెను. స్పృహ, ఊపిరి లేనివానికి ఛాతీ నడుమ గట్టిగా, వేగముగా నొక్కుచు 108 వాహనమును పిలువవలెను. లేచి కూర్చున్నవానిని కూడ ఒకసారి వైద్యునికి చూపించవలెను.

బట్టలారవేయు దండెమునకు ఇనుప తీగ వాడక నైలాను త్రాడు కట్టుడు. సర్వీసు తీగ మోయు జి.ఐ. తీగకు దండెము కట్టుట వలన కలుగు ప్రమాదములు ఇంటి లోపలి వైరింగు ఎంత బాగున్నను తప్పవు.

విత్తనము కొనునప్పుడు మొలకశాతము అడుగుచున్నాము. మందు కొనునప్పుడు తేదీ చూచుచున్నాము. అట్లే ఇంటి ప్లగ్గు వేయించునప్పుడు మూడవ తీగ ఎచ్చటికి పోవుచున్నదని అడుగవలెను. రైతు సోదరులు ఈ వేసవిలోనే, వానలు పడకముందే, తమ ఇంటి ప్రతి సాకెట్టునకు ఎర్తు ఉన్నదో లేదో పరీక్ష చేయించి, ఆర్.సి.సి.బి. లేనిచో పెట్టించుకొందురుగాక.